బూమ్ లోపలి ఓవర్‌హాయిస్ట్ వైరు: లోపం పట్టడం, కొత్తది వేయడం

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో క్రేన్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. ట్రక్ క్రేన్ కానీ, ఆర్‌టీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే రఫ్ టెర్రైన్) క్రేన్ కానీ, మా దగ్గరికి ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఒకటే. "హుక్ పైకి రావట్లేదు, బూమ్ బయటికి పోవట్లేదు, బజర్ ఆగట్లేదు." హైడ్రాలిక్ లోపమనుకుని పంపు విప్పేదాకా పోయినవాళ్ళున్నారు. ముందు చూడాల్సింది బూమ్ (క్రేన్ చాపే పొడవాటి చెయ్యి) హెడ్, అంటే దాని కొస దగ్గర వేలాడే గుండు, దాని పైనున్న ఓవర్‌హాయిస్ట్ స్విచ్ (హుక్ మరీ పైకి పోకుండా ఆపేది), అక్కడి నుంచి క్యాబిన్ దాకా వచ్చే వైరు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే సగం లోపాలు నిలబడిన చోటే దొరుకుతాయి. రోప్ చుట్టూ గొలుసుతో గుండు వేలాడుతుంటుంది. గుండు బరువుకి స్విచ్ లాగబడి సర్క్యూట్ కలిసి ఉంటుంది. హుక్ బ్లాక్ బాగా పైకొచ్చి గుండుని ఎత్తగానే స్విచ్ తెరుచుకుంటుంది, బజర్ మోగుతుంది, హాయిస్ట్ అప్ (హుక్ పైకి లాగడం), బూమ్ ఎక్స్‌టెండ్ (బూమ్ చాపడం) కట్ అవుతాయి. ఇది లేకపోతే హుక్ బ్లాక్ వెళ్ళి బూమ్ హెడ్‌కి గుద్దుకుంటుంది, రోప్ తెగుతుంది, లోడ్ కింద పడుతుంది. హాయిస్ట్ లివర్ ముట్టుకోకపోయినా ఇలా జరగొచ్చు. రోప్ వదలకుండా బూమ్ చాపుకుంటూ పోతే హుక్ దానంతటదే హెడ్ వైపు వచ్చేస్తుంది.

వైరు తెగితే సర్క్యూట్ తెరుచుకుంటుంది కాబట్టి బజర్ మోగుతుంది, క్రేన్ ఆగుతుంది. పని ఆగిందని అందరికీ టెన్షన్, కానీ ప్రమాదం లేదు. అదే వైరు లోపల షార్ట్ అయితే గుండు ఎత్తినా, స్విచ్ ఊడి కింద పడినా, మామూలు సర్క్యూట్ అయితే కంట్రోలర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. బజర్ మోగదు. నాకు భయం వేసేది ఈ మోగని క్రేన్ చూస్తేనే. ఒక సైటులో అద్దెకొచ్చిన క్రేన్‌లో ఈ వైరు చుట్టుకునే కేబుల్ డ్రమ్ బాక్సు తెరిస్తే రెండు టెర్మినల్స్ మధ్య రాగి తీగ మెలితిప్పి ఉంది. ఎవరు వేశారో తెలియదు. ఆపరేటర్ కుర్రాడు మాత్రం స్విచ్ పనిచేస్తోందనే నమ్మకంతో రోజూ మనుషుల పక్కనే లోడ్లు ఎత్తుతున్నాడు. "కాసేపు లూప్ చెయ్యండి, పని అయ్యాక చూద్దాం" అని, అంటే అలా తీగ కలిపేసి స్విచ్‌ని దాటేయమని, ఎవరన్నా సరే, నేను చెయ్యను. మీరూ చెయ్యొద్దు.

పని మొదలుపెట్టే ముందు హుక్ కొంచెం దించి, బూమ్ పూర్తిగా లోపలికి లాగి, ఔట్‌రిగ్గర్లు (క్రేన్ ఒరగకుండా పక్కలకి చాపే కాళ్ళు) వేసి హెడ్ చేతికి అందేలా దించండి. కొన్ని మోడల్స్‌లో ఈ లోపం ఉండగా బూమ్ దించడం కూడా కట్ అవుతుంది. అప్పుడు ఈ కట్‌ని తాత్కాలికంగా దాటేసే బైపాస్ కీ వాడక తప్పదు. హుక్ ఖాళీగా ఉండాలి, హుక్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య దూరం చూస్తూ చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. దించాక ఇంజన్ ఆపి, తాళం మీ జేబులో వేసుకుని, క్యాబిన్‌లో "పని జరుగుతోంది" అని ట్యాగ్ కట్టండి.

లోపం వెతకడం హెడ్ నుంచి మొదలవ్వాలి. గొలుసు మెలిపడి గుండు రోప్ మీద కూర్చుందేమో చూడండి. తర్వాత స్విచ్ ప్లగ్ విప్పి మీటర్ పెట్టండి: గుండు వేలాడుతుంటే కంటిన్యుటీ (సర్క్యూట్ కలిసి ఉన్నట్టు) రావాలి, చేత్తో ఎత్తితే పోవాలి. సర్క్యూట్‌లో రెసిస్టర్ ఉన్న మోడల్స్‌లో లెక్క వేరేగా వస్తుంది, డ్రాయింగ్‌తో పోల్చుకోండి. స్విచ్ బాగుంటే కేబుల్ వైపు చివరలు రెండూ పరీక్ష కోసం కలిపి, డ్రమ్ బాక్సులో స్లిప్ రింగ్‌కి (డ్రమ్ తిరుగుతున్నా కనెక్షన్ పోకుండా చూసే రింగు) ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవండి. ముందు లేకపోతే కేబుల్ పోయింది. ముందు ఉండి తర్వాత లేకపోతే స్లిప్ రింగ్. పరీక్షకి పెట్టిన క్లిప్ ఎర్రరంగుదై ఉండాలి, తీసేదాకా మీ కళ్ళముందే ఉండాలి.

వచ్చిపోయే లోపం ఓపిక పరీక్షిస్తుంది. బజర్ ఎప్పుడు మోగుతోందో ఆపరేటర్‌ని అడగండి. బూమ్ ప్రతిసారీ ఒకే పొడవు దగ్గరకి వచ్చినప్పుడైతే ఆ చోట కేబుల్ లోపల తెగి ఉంటుంది. డ్రమ్ తిరుగుతున్నంతసేపూ ఎక్కడైనా టిక్కుటిక్కుమంటే స్లిప్ రింగ్ మీద మురికి, లేదా అరిగిన బ్రష్. పొద్దున్నే మోగి ఎండెక్కాక ఆగితే ప్లగ్‌లో తేమ. విశాఖ ఉప్పుగాలికి కేబుల్ లోపలి రాగి ఆకుపచ్చగా, నల్లగా మారిపోతుంది. చివర కొంచెం కోసి చూడండి, అక్కడా నల్లగా ఉంటే మొత్తం మార్చాల్సిందే.

చాలా క్రేన్లలో ఈ కేబుల్ ఒంటి కోర్: మధ్యలో తీగ, చుట్టూ రాగి అల్లిక. ఆ రెండే సిగ్నల్ పోయే దారి, వచ్చే దారి. మధ్యలో జాయింట్ వేయకూడదు. టేపు చుట్టిన లావు గైడ్‌లో తట్టుకుంటుంది, అల్లిక పోగు ఒకటి కోర్‌కి తగిలినా పైన చెప్పిన మౌనపు షార్ట్ అవుతుంది. టీవీ కేబుల్ అస్సలు వద్దు. దాని పైతొడుగు నిలవకపోవడం ఒక్కటే కాదు, బూమ్ పొడవుని కొలిచేది కూడా ఈ డ్రమ్మే. కేబుల్ మందం మారితే చుట్టు సైజు మారుతుంది, పొడవు తప్పుగా కనిపిస్తుంది, దాన్నిబట్టి రేడియస్ (క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్‌కి దూరం), ఎత్తగల బరువు కూడా తప్పుతాయి. వెర్నియర్‌తో పాతదాని మందం కొలిచి, అదే స్పెసిఫికేషన్‌ది తెప్పించండి.

హెడ్ దగ్గర కేబుల్ విప్పే ముందు డ్రమ్‌ని కదలకుండా కట్టేయండి. లోపల స్ప్రింగ్ బిగిసి ఉంటుంది, వదిలేస్తే వేళ్ళు నుజ్జవుతాయి. తర్వాత డ్రమ్‌ని గట్టిగా పట్టుకుని ఒక్కో చుట్టు వదులుతూ స్ప్రింగ్ ఖాళీ చేసి, ఆ చుట్లు లెక్క రాసుకోండి. మళ్ళీ బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పిన లెక్కతో సరిచూసుకోవచ్చు. స్ప్రింగ్ వదులైతే కేబుల్ వేలాడి బూమ్ సెక్షన్ల (ఒకదానిలోంచి ఒకటి జారే భాగాల) మధ్య ఇరుక్కుంటుంది, మరీ బిగిస్తే బూమ్ పూర్తిగా చాపినప్పుడు స్ప్రింగ్ తెగుతుంది.

కేబుల్ బూమ్ లోపలి నుంచి వెళ్ళే మోడల్స్‌లో పాతదాన్నే దారంలా వాడండి. పాత చివరకి కొత్తదాన్ని సన్నగా, గట్టిగా కట్టి ఒకరు లాగుతుంటే ఇంకొకరు నెమ్మదిగా అందించాలి. ఎక్కడైనా పట్టేస్తే బలంగా లాగొద్దు, తనిఖీ కిటికీల్లోంచి టార్చి వేసి చూడండి. వేర్ ప్యాడ్ (సెక్షన్ల మధ్య రాపిడి అడ్డుకునే పలక) గ్రీజులోనో, బూమ్ చాపే ఎక్స్‌టెన్షన్ రోప్ పక్కనో చిక్కుకుని ఉంటుంది. సెక్షన్లు కదిలే అవకాశం ఉన్నంతవరకు లోపలికి చెయ్యి కూడా పెట్టొద్దు. హెడ్ దగ్గర కేబుల్‌ని అక్కడున్న పోస్టుకి (చిన్న కడ్డీకి) చుట్టి క్లాంప్ చేయండి, లాగుడు టెర్మినల్ మీద పడకూడదు. ప్లగ్‌లోకి వెళ్ళే ముందు కిందికి చిన్న వంపు ఉంచితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

బూమ్ పూర్తిగా లోపల ఉండగానే పొడవు సెన్సర్‌ని సున్నాకి తేవాలి. ఆ సెన్సర్‌లోని పొటెన్షియోమీటర్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) షాఫ్టుని మాన్యువల్ చెప్పిన వైపు మెల్లగా తిప్పి ఆగే చోట వదలండి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టాలనుకుంటే కేబుల్ రెండు చివరలూ విప్పి ఉన్నప్పుడే, లేదంటే కంట్రోలర్ బోర్డు కాలిపోతుంది.

బజర్ ఆగగానే పని అయిపోయిందనుకోవద్దు. ఎర్ర క్లిప్ తీశారో లేదో చూసుకుని, ప్లగ్ విప్పండి, బజర్ మోగాలి. ప్లగ్ పెట్టి గుండు చేత్తో ఎత్తండి, మళ్ళీ మోగాలి. అలాగే ఎత్తిపట్టి ఉండగా ఇంకొకరు క్యాబిన్‌లో చూస్తే, హాయిస్ట్ అప్, ఎక్స్‌టెండ్ రెండూ కట్ అయినట్టు డిస్‌ప్లే చూపాలి. ఈ సమయంలో లివర్లు ముట్టుకోకూడదు. అందరూ హెడ్ కింద నుంచి తప్పుకున్నాక, ఖాళీ హుక్‌ని అతి తక్కువ స్పీడులో పైకి తెచ్చి అదే ఆగుతుందో లేదో చూడండి. ఆగకపోతే ఆపరేటర్ వెంటనే లివర్ వదలాలి. రెండో హుక్ ఉంటే దానికీ ఇదే పరీక్ష. తర్వాత బూమ్ పూర్తిగా చాపి, లాగి, డిస్‌ప్లేలో పొడవు లోడ్ చార్టులోని కనిష్ఠ, గరిష్ఠ పొడవులతో సరిపోయిందో చూడండి. తేడా ఉంటే లోడ్ ఎత్తనివ్వొద్దు.

చేసిన పని, తేదీ, వేసిన కేబుల్ వివరం లాగ్‌బుక్కులో రాయండి. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 సెక్షన్ 29 ప్రకారం లిఫ్టింగ్ మెషీన్లని కనీసం 12 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్, అంటే గుర్తింపున్న తనిఖీ నిపుణుడు, పరీక్షించాల్సి ఉండేది. తనిఖీకి ఎవరొచ్చినా ఆ పేజీ తీసి చూపించండి. బైపాస్ కీ సైట్ ఇంజనీరుకి అప్పగించి సంతకం తీసుకోండి. పాత కేబుల్ ముక్కలుగా కోసి స్క్రాప్‌లో వేయండి. చుట్టగా మూలన పెడితే రేపెవరో ఇంకో క్రేన్‌కి ఎక్కిస్తారు.