హోమ్ కేర్ పనిలో చేరాలంటే ఏ కాగితాలు కావాలి, ఎక్కడ దరఖాస్తు చేయాలి: వరంగల్ వాళ్ల కోసం

కాశీబుగ్గలో మా సంఘం అక్క ఒకామె పదకొండేళ్లు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆయమ్మగా చేసింది. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, డైపర్ మార్చడం, ముద్ద గొంతుకు అడ్డం పడకుండా తినిపించడం అన్నీ వచ్చు. ఆ నర్సింగ్ హోమ్ మూతపడ్డాక సుబేదారిలో ఒక పెద్దాయనను చూసుకునే పని ఉందంటే వెళ్లింది. అమెరికా నుంచి ఆయన కొడుకు వీడియో కాల్‌లో అడిగిన మొదటి మాట, "ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉందా?" అని. లేదు. ఆ పని ఇంకొకరికి పోయింది. మర్నాడు ఆమె నా దగ్గరికి వచ్చి, "చెల్లె, పని వచ్చు గానీ కాగితం లేదు, ఏం చేయాలె?" అని అడిగింది.

మా సమాఖ్యలో ఫారాలు నింపే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. ఆమెకు చెప్పిందంతా వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునే ఆడపిల్లలకూ, మగపిల్లలకూ కూడా ఇదే దారి.

ఏ కోర్సు పేరు చెప్పి అడగాలి

ఇళ్లలో అందరూ "కేర్‌టేకర్" అంటారు. సర్కారు రికార్డుల్లో ఆ పేరుతో వెతికితే దొరకదు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అనే సంస్థ పెట్టిన పేర్లు వేరు. ఇంటి దగ్గర రోగిని చూసుకునే పనికి "హోమ్ హెల్త్ ఎయిడ్". ఆసుపత్రి వార్డులో నర్సులకు సాయంగా ఉండే పనికి "జనరల్ డ్యూటీ అసిస్టెంట్", దీన్నే జీడీఏ అంటారు. వృద్ధుల సంరక్షణకు విడిగా "జీరియాట్రిక్ కేర్‌గివర్" ఉంది. మన ఊళ్లలో ట్రైనింగ్ సెంటర్లు ఎక్కువగా జీడీఏ బ్యాచ్‌లే నడుపుతాయి. హోమ్ హెల్త్ ఎయిడ్ దొరకలేదని ఆగిపోకండి. జీడీఏ చేసినవాళ్లను ఇళ్లలో పెట్టుకుంటారు, ఆసుపత్రిలోనూ తీసుకుంటారు. నా మట్టుకు నేను చిన్న వయసు వాళ్లకు జీడీఏనే చెబుతాను, రెండు తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇది నర్సు పని కాదు. నర్సింగ్ కోర్సులు వేరు, ఏఎన్ఎం అయితే రెండేళ్లు, జీఎన్ఎం అయితే మూడేళ్లు చదవాలి. ఈ కోర్సు కొన్ని నెలల్లో అయిపోతుంది. సర్టిఫికెట్ వచ్చింది కదా అని ఇంజెక్షన్ వేయకూడదు, సెలైన్ ఎక్కించకూడదు. ఇంటివాళ్లు "ఒక్కసారి వేసెయ్యమ్మా" అని బతిమాలినా సరే.

ముందు కాగితాలు సరిచేసుకోండి

దరఖాస్తు పావుగంట పని. కాగితాలు సరిచేసుకోవడానికే నెల పడుతుంది. నేను చూసినంతలో మన దగ్గర ఆగిపోయిన దరఖాస్తుల్లో చాలావరకు ఇక్కడే ఆగాయి.

మొదటిది ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు లింకై ఉండాలి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. చాలామంది అక్కల ఆధార్‌కు భర్త పాత నంబరో, ఎప్పుడో పోయిన సిమ్ నంబరో ఉంటుంది. ఆధార్ సెంటర్‌కు వెళ్లి మార్పించుకోండి.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్కులో ఒట్టి ఇనిషియల్. ముగ్గురు వేరు వేరు మనుషులన్నట్టు ఉంటుంది. ట్రైనింగ్ రిజిస్ట్రేషన్‌లో పేరు, పుట్టినతేదీ ఆధార్ నుంచే వస్తాయి, తర్వాత సర్టిఫికెట్ మీద పడేదీ అదే పేరు. అందుకని చేరిన తర్వాత చూద్దాం అనుకోవద్దు. మెమో ఉన్నవాళ్లు మెమోలో ఉన్నట్టుగానే ఆధార్‌ను మార్చుకుంటే ముందుముందు పాస్‌పోర్టుకు కూడా టెన్షన్ ఉండదు.

మూడోది జిల్లా పేరు. ఇది మన వరంగల్ వాళ్లకే ఉన్న తిప్పలు. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ములుగు జిల్లా 2019లో వచ్చింది. ములుగులో ఉండే మనిషి ఆధార్‌లో ఇంకా "వరంగల్" అనే ఉంటుంది. హనుమకొండ మనిషికి "వరంగల్ అర్బన్" అని ఉంటుంది. ఆధార్ నంబరు చెల్లుతుంది గానీ, పోలీస్ వెరిఫికేషన్ దగ్గరా, ఆదాయ, నివాస ధ్రువపత్రాల దగ్గరా అడ్రసు కలవక తిప్పుతారు. అడ్రసు మార్చుకునేటప్పుడే జిల్లా పేరు కూడా చూసుకోండి.

ఇంకా బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ కలపడం), నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, చదువు మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఈ రెండూ మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ కార్యాలయం నుంచి వస్తాయి. రసీదు పారేయకండి.

ఏ పథకం ఎవరికి

15 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్నవాళ్లకు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన. 2015 జూలైలో మొదలైంది, ఇప్పటికి నాలుగో విడతకు వచ్చింది. ట్రైనింగ్ ఉచితం.

పల్లెల్లో ఉండే పేద కుటుంబాల పిల్లలకు దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మేలు. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు, ఆడవాళ్లయితే 45 వరకు. ఉపాధి హామీలో ఏడాదికి కనీసం 15 రోజులు పనిచేసిన కుటుంబం, స్వయం సహాయక సంఘంలో సభ్యులున్న కుటుంబం దీనికి అర్హులే. మన రాష్ట్రంలో దీన్ని ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. రెసిడెన్షియల్ బ్యాచ్ అయితే హాస్టలు, భోజనం కూడా వాళ్లవే. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట, భూపాలపల్లి వైపు వాళ్లు మండల సమాఖ్యలో సంఘాల పని చూసే సీసీని అడిగితే, ఈ పథకానికి పేర్లు నమోదు చేసే "కౌశల్ పంజీ"లో పేరు ఎక్కిస్తారు.

మూడో దారి మా కాశీబుగ్గ అక్కలాంటి వాళ్లది. ఆమెకు 48 ఏళ్లు, 45 దాటింది కాబట్టి కొత్త కోర్సుకు కుదరదు. కానీ పని ముందే వచ్చినవాళ్లకు ఆర్‌పీఎల్ ఉంది. అంటే అంతకుముందు నేర్చుకున్న పనిని పరీక్షించి గుర్తించడం. కౌశల్ వికాస్ నాలుగో విడతలో దీనికి వయసు 18 నుంచి 59. నెలల తరబడి క్లాసులు ఉండవు, చిన్న ఓరియంటేషన్ ఇచ్చి పరీక్ష పెడతారు. పాత చోట పనిచేసినట్టు ఒక ఉత్తరం గానీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు గానీ ఉంటే పట్టుకెళ్లండి. ఈ దారి గురించి మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు. ఎంజీఎం పెద్దాసుపత్రి చుట్టూ ఉన్న నర్సింగ్ హోమ్‌లలో ఏళ్ల తరబడి చాకిరీ చేసిన ఆయమ్మలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్లలో ఒక్కరి దగ్గరా ఈ సర్టిఫికెట్ నేను చూడలేదు.

దరఖాస్తు

ఫోన్‌లో "స్కిల్ ఇండియా డిజిటల్ హబ్" యాప్ దించుకోండి, లేదా వెబ్‌సైట్ తెరవండి. మొబైల్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి ఖాతా తెరవాలి. తర్వాత ఆధార్‌తో ఈకేవైసీ, అంటే మీరెవరో ఆన్‌లైన్‌లో సరిచూడటం. మళ్లీ ఓటీపీ వస్తుంది. మీ పేరు, ఫొటో ఆధార్‌లో ఉన్నట్టే వచ్చేస్తాయి. చదువు, అడ్రసు, బ్యాంకు వివరాలు నింపాక కోర్సుల దగ్గర "హెల్త్‌కేర్" రంగం ఎంచుకుని, రాష్ట్రం, జిల్లా పెట్టి వెతకండి. వరంగల్ పెడితే ఏమీ రాకపోతే హనుమకొండ, కరీంనగర్, హైదరాబాద్ కూడా పెట్టి చూడండి. బ్యాచ్ ఉన్న సెంటర్ కనబడితే అందులో పేరు ఇవ్వండి.

అక్కడితో అయిపోలేదు. సెంటర్‌కు స్వయంగా వెళ్లండి. మంచం, బొమ్మ రోగి, వీల్ చైర్, బీపీ మిషన్ ఉన్న ల్యాబ్ చూపించమని అడగండి. అవి లేకుండా బోర్డు మీద రాసి చెప్పే చోట ఈ పని రాదు. బ్యాచ్ ఎప్పుడు మొదలు, ఆసుపత్రిలో ప్రాక్టికల్ ఎక్కడ, అయిపోయాక పని ఎక్కడ చూపిస్తారు అని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకోండి.

డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. ఈ పథకాల్లో అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోరు. మా బస్తీలో ఒకమ్మాయి "సీటు రిజర్వేషన్" అని, "యూనిఫాం" అని రెండుసార్లు డబ్బు కట్టింది, ఒరిజినల్ మెమో కూడా ఇచ్చేసింది. బ్యాచ్ మొదలే కాలేదు, మెమో కోసం మూడు నెలలు తిరిగాం. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులే ఇవ్వండి.

హాజరు వేలిముద్రతో పడుతుంది. బీడీలు చుట్టిన చేతులకు, ఏళ్లుగా గిన్నెలు తోమిన చేతులకు గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. మొదటిరోజే ఈ సంగతి సెంటర్ వాళ్లకు చెప్పండి. లేకపోతే రోజూ వచ్చినా రానట్టే పడుతుంది, హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు.

పరీక్షలో ఏం చేయమంటారు

రాతపరీక్ష కన్నా చేసి చూపించేదే ముఖ్యం. బయటి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన ఎసెసర్ ముందు, మంచం మీద బొమ్మను పెట్టి "పక్కకు తిప్పండి" అంటారు. ఇక్కడ చాలామంది చెయ్యి పట్టి లాగుతారు. అలా లాగితే పక్షవాతం వచ్చిన మనిషికి భుజం జారుతుంది. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచు పట్టుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, "అమ్మా, ఎడమవైపు తిప్పుతున్నాను" అని చెప్పి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా తిప్పాలి. వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య దిండు. బొమ్మే కదా అని మాట చెప్పకుండా తిప్పితే మార్కులు పోతాయి. రెండు గంటలకోసారి ఇలా తిప్పకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అవి ఒకసారి పడితే మానడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు.

చేతులు కడుక్కోవడం కూడా చేయించి చూస్తారు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కన్నా కిందే వేలాడాలి, మంచం మీద పెడితే మూత్రం వెనక్కి పోతుంది. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకు పాలు పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉండాలి.

పాసైతే సర్టిఫికెట్ డిజిలాకర్‌లో (ఫోన్‌లో కాగితాలు దాచుకునే సర్కారు యాప్) వస్తుంది. ప్రింటు తీసి లామినేషన్ చేయించుకోండి. ఈలోపు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. రక్తం, పుండ్లు తగిలే పనిలో ఉంటాం.

పోలీస్ వెరిఫికేషన్, ఈ-శ్రమ్

ఇంటివాళ్లు అడగకముందే పోలీస్ వెరిఫికేషన్ చేయించుకుంటే మీ మీద గురి కుదురుతుంది. తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్‌లో గానీ, మీసేవలో గానీ దరఖాస్తు పెట్టొచ్చు. వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తాయి. విదేశాలకు కావలసిన క్లియరెన్స్ వేరు, అది పాస్‌పోర్ట్ ఆఫీసు ద్వారా తీసుకోవాలి.

ఈ-శ్రమ్ అంటే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్డు, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు వర్తించదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు అక్కలు ఇది గమనించాలి. బీడీ కంపెనీలో మీ పేరు మీద పీఎఫ్ నడుస్తుంటే ఈ-శ్రమ్ కుదరదు. కార్డు కోసమని ఆ పీఎఫ్ తీసేసుకోవద్దు, ఏళ్ల కష్టం అది.

40 లోపు వాళ్లు, నెలకు 15,000 లోపు సంపాదించేవాళ్లు శ్రమ యోగి మాన్‌ధన్ పెన్షన్‌లో చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలి. 60 దాటాక నెలకు 3,000 వస్తాయి.

పనిలో చేరే రోజు

ఏజెన్సీ ద్వారా వెళ్లినా, సొంతంగా వెళ్లినా ఒక కాగితం మీద రాయించుకోండి. డ్యూటీ 12 గంటలా, 24 గంటలా? 24 అయితే పడుకోవడానికి చోటెక్కడ, నిద్ర ఎన్ని గంటలు? భోజనం ఎవరిది? నెలకు సెలవులెన్ని? జీతం ఏ తారీఖున, అందులో ఏజెన్సీ కమీషన్ ఎంత? వంట, బట్టలు రోగికేనా, ఇంటందరికీనా? ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అడగకపోతే పదిరోజుల్లో ఇల్లంతా మీ మీదే పడుతుంది, రోగిని తిప్పడానికి టైం ఉండదు.

ఆ ఇంట్లో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ, ఆడవాళ్ల రక్షణకు ఉన్న పోలీసు షీ టీమ్స్‌కు గానీ చెప్పండి. ఇళ్లలో పనిచేసేవాళ్ల ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. మీరు చూసుకునే పెద్దవాళ్లనే సొంతవాళ్లు కొడుతున్నారనో, తిండి పెట్టడం లేదనో కనబడితే 14567కు ఫోన్ చేయండి. అది వృద్ధుల హెల్ప్‌లైన్.

గల్ఫ్, ఇతర దేశాలు

కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఇది తప్పకుండా అడుగుతారు. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ ఏజెన్సీ టామ్‌కామ్. విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటు మాట వినొద్దు. సరైన వీసా మీద వెళ్లేవాళ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద వెళ్తే అదీ ఉండదు.

కాశీబుగ్గ అక్క సంగతి అడుగుతారేమో. ఆధార్‌లో నంబరు మారింది, ఇంటిపేరు మెమోతో కలిసింది. నర్సింగ్ హోమ్ డాక్టరమ్మను వెతికి పట్టుకుని, పదకొండేళ్లు పనిచేసినట్టు ఉత్తరం రాయించుకుంది. ఇప్పుడు ఆర్‌పీఎల్ బ్యాచ్ కోసం చూస్తున్నాం. సాయంత్రాలు మా ఇంటికొచ్చి, మా అత్తమ్మ మంచం మీద దుప్పటి వేసి పక్కకు తిప్పడం ప్రాక్టీస్ చేస్తోంది. తిప్పే ముందు ప్రతిసారీ మా అత్తమ్మకు చెప్పే తిప్పుతోంది.