రావడం లేదా, పోవడం లేదా?

మెయిల్ పనిచేయడం లేదని ఎవరు పిలిచినా నేను ముందు అడిగేది అదే. రావడానికి ఒక సర్వర్, పోవడానికి మరో సర్వర్. ఒకటి మొరాయించినా రెండోది నిక్షేపంగా నడుస్తుంది. అది తేల్చుకోకుండా ఖాతా తీసేసి మళ్లీ పెట్టడం పంటి నొప్పికి తల గొరిగించుకోవడం లాంటిది.

నేను వాడేది థండర్‌బర్డ్, కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే ప్రోగ్రాము. పేరు, చిరునామా, పాస్‌వర్డ్ ఇస్తే సర్వర్ వివరాలు చాలావరకు అదే వెతుక్కుంటుంది. ఉత్తరాలు తెచ్చుకునే పద్ధతుల్లో ఐమ్యాప్ కావాలా, పాప్ కావాలా అని అడిగిన చోట మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఐమ్యాప్‌లో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి, ఫోనులోనూ కనిపిస్తాయి. నేను ఒకసారి పాప్ ఎంచుకుని, సందేశాలను సర్వర్‌లో ఉంచమనే గడిలో టిక్కు కూడా తీసేశాను. మర్నాడు ఫోను తెరిస్తే ఇన్‌బాక్స్ బోసిపోయి ఉంది. ఉత్తరాలన్నీ కంప్యూటర్‌లోకి దిగిపోయాయి. పాప్ అన్న పేరులో కొంత పాపం ఉందని అప్పుడే తెలిసింది.

ఉత్తరాలు వస్తూ, పోవడం మాత్రం ఆగిపోతే ఖాతా సెట్టింగుల్లో అట్టడుగున ఉండే ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్, అంటే ఉత్తరాలు పంపే సర్వర్ వివరాలు తెరవండి. పోర్టు, అంటే సర్వర్‌లోకి వెళ్లే ద్వారం నంబరు, 587 అయితే భద్రత స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. ఈ జత తారుమారైతే పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా లాభం లేదు. 25 ఉంటే మార్చేయండి. స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ సంస్థలు ఆ దారి మూసేశాయి. ఐమ్యాప్ వైపు 993, ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఉంటే చాలు.

జీమెయిల్ వాళ్లు పాస్‌వర్డ్ తప్పంటోందని వాపోతారు. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లోపలికి వెళ్లే వీలును గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి తీసేసింది. ధ్రువీకరణ పద్ధతిని ఓఆథ్2కు, అంటే గూగుల్ సొంత లాగిన్ పేజీలో అనుమతి ఇచ్చే పద్ధతికి మార్చండి, రెండు సర్వర్లకూ. లాగిన్ కిటికీ తెరుచుకోకపోతే థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి.

సర్టిఫికెట్, అంటే సర్వర్ తానెవరో చూపే గడువున్న గుర్తింపు పత్రం, చెల్లదని హెచ్చరిక వస్తే, మినహాయింపు ఇచ్చేముందు కంప్యూటర్ గడియారం, తేదీ వైపు చూడండి. నా పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. నేను రెండు గంటలు పోర్టులు మారుస్తూ కూర్చున్నాను, తెర మూలన ఆ తేదీ కనబడుతూనే ఉన్నా!

ఇక ఫోల్డర్‌లో ఉత్తరాల వరుస గందరగోళమై, ఒకటి నొక్కితే మరొకటి తెరుచుకుంటుంటే చెడింది సాధారణంగా సూచిక, అంటే ఏ ఉత్తరం ఎక్కడుందో రాసుకునే జాబితా. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కండి. ఫోల్డర్ పెద్దదైతే కాసేపు పడుతుంది. పాప్ ఖాతా అయితే అంతకుముందే ప్రోగ్రాము మూసి, ఉత్తరాలు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ ఉత్తరాలకు మరో ప్రతి ఉండకపోవచ్చు.