జన్యువును చేత్తో చదవడం – 5వ పాఠం: కోత ఎక్కడ పడుతుంది?

జన్యువు నుండి తయారైన తొలి ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) ఉన్నది ఉన్నట్టుగా పనికి రాదనీ, నడుమనున్న ముక్కలైన ఇంట్రాన్లను తీసివేసి మిగిలే ముక్కలైన ఎక్సాన్లను అతికించిన తరువాతే అది ప్రోటీన్ తయారీకి వెళుతుందనీ గత పాఠంలో చూశాం. 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్‌లో కనుగొన్న ఈ సంగతికే 1993లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. జన్యువును రాసే ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల్లో చూస్తే, ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ జిటితో మొదలై ఏజితో ముగుస్తుందని కూడా చెప్పాను. దాన్ని నమ్ముకుని కడప నుండి ఒక డిగ్రీ విద్యార్థిని తన అభ్యాసంలో జిటి కనబడిన ప్రతిచోటా ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి పంపారు. తప్పు ఆమెది కాదు. సూత్రాన్ని సగంలో ఆపిన నాది.

గళ్ళ నోటుబుక్కులో గడికొక అక్షరం చొప్పున ఈ వరుసను రాసుకోండి. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్‌ను తయారుచేసే మనిషి జన్యువులోని మొదటి ఇంట్రాన్. మొత్తం 130 అక్షరాలు, పదేసి చొప్పున 13 కట్టలు. (ఆర్‌ఎన్‌ఏలో టికి బదులు యు ఉంటుంది; మనం జన్యువు అక్షరాలతోనే నడుద్దాం.)

జిటిటిజిజిటిఏటిసిఏ ఏజిజిటిటిఏసిఏఏజి ఏసిఏజిజిటిటిటిఏఏ జిజిఏజిఏసిసిఏఏటి ఏజిఏఏఏసిటిజిజిజి సిఏటిజిటిజిజిఏజిఏ సిఏజిఏజిఏఏజిఏసి టిసిటిటిజిజిజిటిటిటి సిటిజిఏటిఏజిజిసిఏ సిటిజిఏసిటిసిటిసిటి సిటిజిసిసిటిఏటిటిజి జిటిసిటిఏటిటిటిటిసి సిసిఏసిసిసిటిటిఏజి

జిటిలను ఎర్రగా, ఏజిలను నీలంగా గుర్తించండి. జిటిలు 7, ఏజిలు 12 రావాలి. ఏజిలు 11 మాత్రమే వచ్చినవారు మూడో కట్ట చివరి ఏను, నాలుగో కట్ట మొదటి జిని కలిపి చూడలేదన్నమాట.

ఏడింటిలో మొదటి జిటి దగ్గరే కోత ఎందుకు పడాలి? యు1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్సాన్ చివరి మూడు అక్షరాలతో, ఇంట్రాన్ తొలి ఆరు అక్షరాలతో జతకట్టి ఆ చోటును గుర్తుపడుతుంది కాబట్టి జిటి ఒక్కటే చాలదు, ఇరుగుపొరుగు కూడా కుదరాలి. ఐదో గడిలోని జిని చూడండి. అది సిగా మారితే, జిటి చెక్కుచెదరకున్నా, కోత చాలావరకు తప్పిపోతుంది. అప్పుడు పదమూడో గడిలోని జిటి వంటి, మామూలుగా ఎవరూ పట్టించుకోని చోట్ల కోత పడుతుంది. మన దేశంలో బీటా తలసీమియాకు (బీటా గ్లోబిన్ చాలినంత తయారుకాని రక్తహీనత వ్యాధికి) అన్నిటికన్నా ఎక్కువగా కనబడే మార్పు ఈ ఒక్క అక్షరమే.

ఇక నీలం గుర్తుల వైపు రండి. 86వ గడిలోని ఏజి తరువాత చివరి ఏజి వరకు, అంటే 88 నుండి 128 దాకా, నీలం చుక్క ఒక్కటీ లేదు. ఆ ఖాళీలోనే పదో కట్టలో సిటిజిఏసి ఉంది. అందులోని ఏకు, అంటే 94వ అక్షరానికి, ఇంట్రాన్ మొదటి కొస వచ్చి ముడిపడుతుంది. ఆ ముడి దాటాక ఎదురయ్యే తొలి ఏజి దగ్గర రెండో కోత పడుతుంది. నాకు ఈ వరుసలో అన్నిటికన్నా ముచ్చటైనది ఆ ఖాళీయే.

ఇప్పుడు 110వ గడిలోని జిని చెరిపి ఏ రాయండి. మధ్యధరా ప్రాంతంలో, ముఖ్యంగా సైప్రస్‌లో, తలసీమియాకు ఎక్కువగా కారణమైన మార్పు ఇదే. ఖాళీలో కొత్త ఏజి పుట్టింది; కోత ఎక్కువగా అక్కడే పడి, చివరి 19 అక్షరాలు ఆర్‌ఎన్‌ఏలో మిగిలిపోతాయి. మొదటి ఎక్సాన్ చివరి రెండక్షరాలైన ఏజితో కలిపి, ఆ మిగులును, ప్రోటీన్ తయారీలో చదివే తీరుగానే, మూడేసి అక్షరాలుగా చదవండి: ఏజిటి, సిటిఏ, టిటిటి, టిసిసి, సిఏసి, సిసిటి, టిఏజి. చివరిది ఆగమనే సంకేతం. ప్రోటీన్ అక్కడే తెగిపోతుంది. అసలు కోతకు గుర్తుగా ఉండవలసిన ఏజియే ఇక్కడ అడ్డుకట్టలో భాగమైంది.

వచ్చే పాఠానికి మన అనంతపురం చేలలోని వేరుశనగను తీసుకుందాం. నూనెలో ఒలీక్ ఆమ్లాన్ని లినోలీక్ ఆమ్లంగా మార్చే ఎఫ్ఏడీ2 జన్యువులో ప్రోటీన్‌ను రాసే భాగం 1140 అక్షరాలు. అందులో ఇంట్రాన్ ఒక్కటీ లేదు. ఆ వరుసలోనూ జిటిలు, ఏజిలు కొల్లలుగా దొరుకుతాయి. ఎర్ర పెన్సిలుతో అన్నింటినీ గుర్తించి, ఒక్కో జిటి పక్కనున్న అక్షరాలను పైన చూసిన తొలి జిటి పక్కవాటితో పోల్చి తెండి.