సక్సెషన్ సర్టిఫికెట్ వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు: అడ్డం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఇది కోర్టు పని ముగిశాక వచ్చే చిక్కుల గురించి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసుల పాన్, ఆధార్ మీ ఫైల్లో ఉన్నాయనే అనుకుంటున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నామినీ లేని డిపాజిట్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల కోసం ఎక్కువమంది కోర్టు నుంచి తెచ్చుకునేది సక్సెషన్ సర్టిఫికెట్ (వాటిని తీసుకునే హక్కు ఫలానా వారసులదని కోర్టు ఇచ్చే పత్రం). వీలునామా ఉండి, చెన్నైలోనో ముంబైలోనో ఆస్తులున్న కుటుంబాల దగ్గర ప్రొబేట్ (వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఉండొచ్చు. ఆగిపోయేవి మొదటి రకంలోనే ఎక్కువ కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

లక్షణం: కౌంటర్లోనే కాగితాలు వెనక్కి ఇచ్చేశారు

కారణం: మీరు పట్టుకెళ్లింది ఆర్డరు కాపీ, సర్టిఫికెట్ కాదు.

ఇంత చిన్న విషయం దగ్గర నెలలు పోగొట్టుకుంటున్నారు. ఎస్.ఓ.పి. (సర్టిఫికెట్ కోసం మీరు వేసిన పిటిషన్) మీకు అనుకూలంగా తేలిందని జడ్జి ఇచ్చిన ఉత్తర్వు ఒకటి, సర్టిఫికెట్ మరొకటి. ఉత్తర్వు వచ్చాక కోర్టు ఫీజు బాకీ ఉంటే కట్టాలి, పూచీకత్తు బాండు అడిగితే ఇవ్వాలి. ఆ తర్వాతే 1925 నాటి భారత వారసత్వ చట్టం 8వ షెడ్యూలులో ఉన్న నమూనా ప్రకారం సర్టిఫికెట్ విడిగా తయారవుతుంది. దాని మీద జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉంటాయి, ఆస్తుల పట్టిక కూడా ఉంటుంది. మీ దగ్గరున్న కాగితంలో వాదనలు, సాక్షుల వివరాలు, చివర "పిటిషన్ అనుమతించడమైనది" అన్న మాట కనిపిస్తే అది ఉత్తర్వు. లాయరును అడిగి, ఆ ఎస్.ఓ.పి. నంబరు మీద సర్టిఫికెట్ జారీ అయిందో లేదో ఆఫీసులో చూపించుకోండి. అసలును ఇంట్లో ఉంచి, ఎన్ని బ్యాంకులు, ఎన్ని కంపెనీలు ఉన్నాయో అన్ని సర్టిఫైడ్ కాపీలకు ఒకేసారి దరఖాస్తు పెట్టండి. ఉన్న ఒక్క కాపీని ఒక చోట ఇస్తే, అది తిరిగొచ్చేదాకా మిగతా చోట్ల పని కదలదు.

లక్షణం: "లీగల్‌కు పంపాం" అంటారు, కబురు ఉండదు. లేదా రెండు డిపాజిట్లు ఇచ్చి మూడోది ఆపారు

కారణం: సర్టిఫికెట్లోని షెడ్యూలుకూ, బ్యాంకు పుస్తకాల్లో ఉన్నదానికీ పొంతన లేదు.

అసలు చిక్కు ఇదే. అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తాయి. ఏది తప్పో ఎవరూ చెప్పరు, చాలాసార్లు బ్రాంచి వాళ్లకే తెలియదు. మేనేజరు ఎందుకు బిగుసుకుంటాడో అర్థమైతే దారి దొరుకుతుంది. వారసత్వ చట్టంలోని 381వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు నమ్మకంతో డబ్బు ఇచ్చేసిన బ్యాంకుకు పూర్తి రక్షణ ఉంటుంది. రేపు ఇంకో వారసుడు వచ్చినా బ్యాంకు రెండోసారి కట్టనక్కర్లేదు. అయితే ఆ రక్షణ సర్టిఫికెట్లో పేర్కొన్న బాకీలకూ (మరణించినవారికి రావాల్సిన డబ్బు, డిపాజిట్ కూడా ఇందులోదే) సెక్యూరిటీలకూ (షేర్ల లాంటివి) మాత్రమే. షెడ్యూల్లో లేని డిపాజిట్ ఇస్తే ఆ రిస్కు బ్యాంకుదే. "మా నాన్నగారిదే కదా, పేరు ఒకటే కదా" అని మీరెంత వాదించినా లీగల్ విభాగం ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

పొంతన తప్పే తీరులు తక్కువే. ఎక్కువగా జరిగేది రెన్యువల్. కోర్టులో పిటిషన్ నడుస్తుండగా డిపాజిట్ గడువు తీరి దానంతటదే రెన్యూ అవుతుంది. కొన్ని బ్యాంకుల్లో అప్పుడు కొత్త నంబరు పడుతుంది. షెడ్యూల్లో పాత నంబరు ఉంటుంది, సిస్టంలో ఆ నంబరు "క్లోజ్డ్" అని చూపిస్తుంది. రెండోది మొత్తం. పిటిషన్ వేసిన రోజు నాటి అసలు మాత్రమే రాసి, వడ్డీ మాట ఎత్తకపోతే, రాసినంతే ఇస్తామనే బ్రాంచీలు ఉన్నాయి. మూడోది బ్రాంచి పేరు. బ్యాంకుల విలీనంతో బ్రాంచి పేరు, కోడు, ఖాతా నంబరు మారి, షెడ్యూల్లో పాత బ్యాంకు పేరే మిగిలిపోతుంది. ఇక టైపింగ్ తప్పులు: పదిహేను అంకెల ఖాతా నంబరులో ఒక్క అంకె తారుమారైనా అది వేరే ఖాతానే.

పట్టుకునే పద్ధతి: బ్యాంకు నుంచి ఈరోజు తేదీతో, మరణించినవారి పేరు మీదున్న డిపాజిట్లన్నిటి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. దాన్నీ సర్టిఫికెట్ షెడ్యూలునూ పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదవండి. ఇంకొకరు పైకి చదువుతుంటే మీరు సరిచూసుకోవడం మేలు. ఈ ఒక్క పని చేయకుండా బ్రాంచి చుట్టూ తిరగడం వృథా.

తేడా దొరికాక, దాని రకాన్ని బట్టి దారి మారుతుంది. నంబరు రెన్యువల్ వల్లో విలీనం వల్లో మారితే ముందు కోర్టుకు వెళ్లకండి. "పాత నంబరు ఫలానా డిపాజిట్ ఫలానా తేదీన కొత్త నంబరుకు మారింది" అని అదే బ్యాంకు రాసిచ్చే లేఖ చాలాచోట్ల సరిపోతుంది. కోర్టు ఆఫీసులో జరిగిన టైపింగ్ తప్పయితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద సవరణ దరఖాస్తు వేయండి. మీ పిటిషన్లో సరిగ్గా ఉండి సర్టిఫికెట్లో తప్పు పడిందని చూపించగలిగితే ఇది త్వరగా తేలుతుంది. తప్పు మీ పిటిషన్లోనే ఉంటే నిరూపించే భారం మీ మీద పెరుగుతుంది, కాబట్టి బ్యాంకు లేఖ జతచేయండి.

డిపాజిట్ షెడ్యూల్లో అసలే లేకపోతే వారసత్వ చట్టం 376వ సెక్షన్. అదే కోర్టులో, అదే సర్టిఫికెట్‌ను కొత్త బాకీకి విస్తరించమని అడగవచ్చు. విస్తరించిన భాగానికి మొదటినుంచీ ఉన్నంత విలువ ఉంటుంది. ఆ మొత్తానికి కోర్టు ఫీజు పడుతుంది. మళ్లీ మొదటినుంచి కొత్త పిటిషన్ వేద్దామని ఎవరైనా అంటే, 376 ఎందుకు పనికిరాదో ముందు అడగండి.

ఇంకా పిటిషన్ వేయనివాళ్లు ఉంటే ఇది ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. షెడ్యూల్లో ప్రతి డిపాజిట్ కిందా "చెల్లింపు తేదీ వరకు వడ్డీతో సహా, రెన్యువల్ అయితే ఆ కొత్త రసీదుతో సహా" అని రాయించండి.

లక్షణం: బ్యాంకు డబ్బు వచ్చింది, షేర్లు కదలవు

ఇందులోనూ మూలం షెడ్యూలే, ఇంకో మెలికతో. 374వ సెక్షన్ ప్రకారం షేర్ల విషయంలో కోర్టు మూడు రకాల అధికారాలు ఇవ్వగలదు: డివిడెండ్, వడ్డీ తీసుకోవడం ఒకటి, బదిలీ చేయడం ఒకటి, ఆ రెండూ కలిపి ఒకటి. సర్టిఫికెట్లో మొదటిదే ఉంటే కంపెనీ రిజిస్ట్రారు షేర్లను మీ పేరుకు మార్చడు. ఆ వాక్యం అందరూ చదవకుండా దాటేసేదే. లోపం ఉంటే 378వ సెక్షన్ కింద అధికారాన్ని సవరించమని అదే జడ్జిని అడగవచ్చు.

షేర్ల సంఖ్య తేడా మరో అడ్డం. పాత కాగితం మీద 100 షేర్లుంటాయి. స్ప్లిట్, బోనస్, విలీనం తర్వాత అవి వేరే సంఖ్యలో, కొన్నిసార్లు వేరే కంపెనీ పేరుతో ఉంటాయి. ఆర్‌టీఏ (కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రారు) నుంచి నేటి హోల్డింగ్, ఫోలియో (షేర్ల ఖాతా) నంబరుతో లేఖ అడగండి. తేడా ఎలా వచ్చిందో అందులోనే రాయించుకుంటే కొందరు ఆర్‌టీఏలు ఒప్పుకుంటారు, లేకపోతే 376 ఉంది.

ఫోలియోలో సున్నా షేర్లు కనిపిస్తే కంగారు పడకండి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్‌కు (ప్రభుత్వ పెట్టుబడిదారుల రక్షణ నిధికి) వెళ్తాయి. ముందు కంపెనీ నుంచి ఎంటైటిల్‌మెంట్ లెటర్ (ఆ షేర్లు మీకు రావాలనే లేఖ) తెచ్చుకుని, తర్వాత ఐఈపీఎఫ్-5 ఫారం దాఖలు చేయాలి. కాగితపు షేర్లకు ట్రాన్స్‌మిషన్ (వారసుల పేరుకు మార్చే) దరఖాస్తు ఐఎస్‌ఆర్-5 ఫారం. మీ కేవైసీ కోసం ఐఎస్‌ఆర్-1, బ్యాంకు ధ్రువీకరించిన సంతకం కోసం ఐఎస్‌ఆర్-2. షేర్లను డీమ్యాట్ చేసుకోమని ఆర్‌టీఏ ఇచ్చే లెటర్ ఆఫ్ కన్ఫర్మేషన్ మీకు వచ్చి ఉంటే అందులోని 120 రోజుల గడువు చూడండి. ఆలోగా డీమ్యాట్ చేయకపోతే షేర్లు కంపెనీ సస్పెన్స్ ఖాతాలోకి పోతాయి. మ్యూచువల్ ఫండ్లు తేలిక: టీ3 ఫారం, మీ కేవైసీ, షెడ్యూల్లో సరైన ఫోలియో నంబరు ఉంటే చాలు.

లక్షణం: "పేరు కలవడం లేదు"

మన పేర్లతో ఇది తప్పదు. పాత షేర్ల మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్ మీద పూర్తిగా, మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు చివరన. ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరుతో పెట్టిన డిపాజిట్ కూడా ఉంటుంది. ఆ పేర్లన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్, పక్కన పాత పాస్‌బుక్ లేదా పదో తరగతి సర్టిఫికెట్ లాంటి ఆధారం ఇవ్వండి. ఒక్క అఫిడవిట్‌తోనే పని అయిపోతుందనుకోవద్దు.

లక్షణం: అన్నీ కలిశాయి, అయినా బ్యాంకు ఇవ్వడం లేదు

ఇప్పుడు తప్పు వాళ్లది. 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో డిపాజిట్ క్లెయిమ్ తేల్చాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఆ లెక్క పత్రాలు పూర్తయిన రోజు నుంచి మొదలవుతుంది. అందుకే ఇచ్చిన ప్రతి కాగితం పేరూ రాసి, తేదీ ముద్రతో రసీదు తీసుకోండి, ఏదైనా లోపముంటే రాతపూర్వకంగా చెప్పమనండి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు దాటితే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్. షేర్లు, ఫండ్ల విషయంలో సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్. పదేళ్లు కదలని ఖాతా డబ్బు ఆర్‌బీఐ దగ్గరి నిధికి వెళ్లినా క్లెయిమ్ మీ బ్యాంకు దగ్గరే చేయాలి, ఇవ్వాల్సింది ఆ బ్యాంకే.

మిగతావి, క్లుప్తంగా

ప్రొబేట్ వచ్చినా వాటా చేతికి రాలేదంటే, డబ్బు బ్యాంకు దగ్గర ఉందా ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే వ్యక్తి) దగ్గర ఉందా ముందు తేల్చుకోండి. మరణం నాటినుంచి ఏడాది దాకా వీలునామా వాటాలు ఇవ్వాల్సిన బాధ్యత ఎగ్జిక్యూటర్‌కు లేదని 337వ సెక్షన్ చెబుతుంది. ఆలోగా ఒత్తిడి చేసినా ఫలితం ఉండదు. అయితే ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలని 317వ సెక్షన్ ఉంది. అవి దాఖలయ్యాయో లేదో కోర్టులో చూడండి.

వారసుల్లో ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే ఆగేది సాధారణంగా పవర్ ఆఫ్ అటార్నీ దగ్గరే. విదేశంలో రాసిన దానికి, ఇక్కడికి అందిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (ప్రవాసులు ఇక్కడ పెట్టుకునే రూపాయి ఖాతా) వెళ్తుంది, పాన్ తప్పనిసరి.

పొలం, ఇల్లు ఈ సర్టిఫికెట్‌తో రావు, దాని పరిధి బాకీలూ సెక్యూరిటీలూ మాత్రమే. వాటికి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దారి వేరు, తహసీల్దారు లేదా మున్సిపల్ ఆఫీసులో మొదలుపెట్టండి.