నిదానంగా, నిలకడగా పనిచేసే సహోద్యోగి ఉంటే
టీమ్‌లో ఎవరికి ఇబ్బంది వచ్చినా ముందుగా సాయానికి వచ్చేవాళ్లు, గొంతు పెంచని వాళ్లు, మొదలుపెట్టిన పని చివరిదాకా వదలని వాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. అమెరికన్ సైకాలజిస్టు విలియం మార్‌స్టన్ 1928లో చెప్పిన నాలుగు ప్రవర్తనా శైలుల నుంచి పుట్టిన డిస్క్ (DISC) పద్ధతిలో వీళ్లది 'ఎస్' శైలి, అంటే స్టెడీనెస్, నిలకడ. వీళ్లకి మార్పు నచ్చదని చాలామంది తేల్చేస్తారు, అది అన్యాయం. చెప్పాపెట్టకుండా వచ్చిపడే మార్పే వీళ్లని కంగారుపెడుతుంది.

అందుకే కొత్త సాఫ్ట్‌వేరో, కొత్త బాధ్యతో వస్తుంటే మీటింగ్‌కి ముందే విడిగా కూర్చుని చెప్పండి. ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది, ఏది ఎప్పట్లాగే ఉంటుంది. ఆ చివరి ముక్క వినగానే సగం టెన్షన్ తగ్గుతుంది.

వీళ్లతో అసలు చిక్కు ఇంకోటి: కాదనలేరు. "ఈ పని కూడా చూస్తారా?" అంటే, చేతినిండా పనున్నా "సరేనండీ, చూస్తాను" అనేస్తారు. ఆ తర్వాత రాత్రిళ్లు కూర్చుని పూర్తిచేస్తారు, ఎవరికీ తెలియదు కూడా. దాని బదులు, "ఇది మీరు తీసుకుంటే ఇప్పుడున్న వాటిలో ఏది ఆపుదాం?" అని అడిగి చూడండి. వెంటనే జవాబు రాకపోతే మధ్యలో మీరు అందుకోకండి. సాయంత్రంలోగా మెసేజ్ పెట్టమన్నా ఫర్వాలేదు.

మెచ్చుకోవాలంటే చప్పట్లు అక్కర్లేదు. "కొత్తగా చేరినమ్మాయికి ఆ రిపోర్టు దగ్గరుండి నేర్పించారు, థాంక్సండీ" అని, చేసిన పనేంటో చెప్పి విడిగా అనండి.