సెల్ఫీ, మనసు - 3వ పాఠం: ముక్కు పెద్దదా, ఫోన్ దగ్గరుందా?

ఒక్కో సెల్ఫీకి ఎన్నిసార్లు నొక్కారో, ఏది ఎందుకు డిలీట్ చేశారో రాసుకోమని కిందటి పాఠంలో చెప్పాం. ఆ కారణాల్లో "ముక్కు లావుగా వచ్చింది", "మొహం వంకరగా ఉంది" అన్నవి ఉన్నాయేమో చూడండి. వాటిని ఇప్పుడు పరీక్షిద్దాం. ఫొటోలో అంతే అని పక్కవాళ్లు ఎంత చెప్పినా మనసుకెక్కదు, కొలిచి చూసుకోవాల్సిందే.

ఫోన్, కొలిచే టేపు, పగటి వెలుగు ఉంటే చాలు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో ఉండేవాళ్లు గదిలో తీయకండి. నెత్తిమీది ట్యూబ్‌లైట్ వల్ల కళ్ల కింద నీడలు పడి లెక్క తప్పుతుంది. పొద్దున్నే మేడ మీద నీడపట్టున తీయండి. బ్యూటీ మోడ్ ఆపేయండి. కొన్ని ఫోన్లలో అది మనం పెట్టకుండానే ఆన్‌లో ఉంటుంది.

మొదటి ఫొటో ముక్కు కొనకు 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీయండి. రెండోదానికి ఫోన్‌ను కళ్ల ఎత్తులో ఆనించి, 10 సెకన్ల టైమర్ పెట్టి, 150 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. కెమెరా మార్చకూడదు. రెండో ఫొటోలో మొహం మొదటిదాంట్లో ఉన్నంత సైజుకు వచ్చేదాకా క్రాప్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టండి.

తేడా ఎక్కడిదంటే, చెవులు ముక్కు కొనకు సుమారు 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. ముక్కు 30 దగ్గరుంటే చెవులు 42 దగ్గర: కెమెరాకు ఇది పెద్ద ఎడం. 150కి, 162కి మధ్య తేడా లెక్కలోకి రాదు. 2018లో అమెరికా వైద్యులు కట్టిన లెక్క ప్రకారం 30 సెంటీమీటర్ల సెల్ఫీలో ముక్కు, మీటరున్నర నుంచి తీసిన ఫొటోలో కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఉన్నచోటే నిలబడి జూమ్ మారుస్తారు. జూమ్‌తో ముక్కు, చెవుల నిష్పత్తి మారదు. మారాల్సింది దూరం.

ఇక "వంకర" సంగతి. మనకు అలవాటైనది అద్దంలో మొహం, కుడిఎడమలు తారుమారైనది. సేవ్ అయిన ఫొటోలో అది తిరగబడితే కొత్తగా తోస్తుంది. 1977లో జరిగిన ఒక పరిశోధనలో ఎక్కువమంది తమ అద్దం రూపాన్నే ఇష్టపడ్డారు, వాళ్ల స్నేహితులు మాత్రం అసలు రూపాన్ని. సెట్టింగ్స్‌లో సెల్ఫీ మిర్రర్ ఆప్షన్ ఉంటే రెండు రకాలుగా తీసి చూడండి.

ఈ వారం నియమం: ఏ సెల్ఫీకైనా మూడే నొక్కులు. తీసేముందు మీ మొహం మీకెంత నచ్చిందో 0 నుంచి 10 లోపు అంకె వేయండి, తీశాక మరోటి. డిలీట్ మర్నాడే. అప్పటికప్పుడు వేళ్లతో పెద్దది చేసి మచ్చలు వెతికితే ఆ అంకెకు విలువుండదు.

కొలిచాక కూడా ఆ లోపమే రోజుకు గంటకు పైగా బుర్ర తొలుస్తుంటే, కాలేజీ మానేస్తుంటే, ముక్కు ఆపరేషన్ ఆలోచన వస్తుంటే పాఠాలు పక్కన పెట్టి డాక్టరును కలవండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోన్, ఇంటర్నెట్ అతివాడకానికి షట్ క్లినిక్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అంకెలు దాచుకోండి. 4వ పాఠంలో, లైకులు చూశాక ఆ అంకె ఎటు కదులుతుందో లెక్కిద్దాం.