వరి కోతలకి ముందు కళ్ల గురించి కొన్ని జాగ్రత్తలు

వానాకాలం వరి కోతకొస్తోంది. తెలంగాణలో అక్టోబరు చివరి నుంచే, గోదావరి, కృష్ణా డెల్టాల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో ఊరూరా కోత మిషన్లు తిరుగుతాయి, కల్లాలు నిండుతాయి, కొనుగోలు కేంద్రాల దగ్గర రాశులు పడతాయి. మిషన్ ఎప్పుడొస్తుందో, టార్పాలిన్లు చాలతాయో లేదో, గోనెసంచులు ఎప్పుడిస్తారో అని అందరికీ టెన్షనే. ఆ హడావిడిలో కళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. వడ్ల మొన గుచ్చుకునో, ఊక పడో, ఆకు అంచు కోసుకునో నల్లగుడ్డు మీద పుండు పడి చూపు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా కనిపించేది మాత్రం ఈ రోజుల్లోనే. నన్ను బాగా బాధపెట్టే విషయం ఏంటంటే, తగిలిన దెబ్బ చాలాసార్లు చిన్నదే, మొదటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్తే మానిపోయేదే, దాన్ని పెద్దది చేసేవి ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో మనం కంట్లో పోసేవి. అందుకే కోతలు మొదలవకముందే ఇది చదివి, చదవడం రానివాళ్లకి కూడా చెప్పండి.

అసలు లోపల జరిగేది ఇది. నల్లగుడ్డు పైన కార్నియా అనే పలుచని పారదర్శకమైన పొర ఉంటుంది. వెలుతురు కంట్లోకి వెళ్లేది దాని గుండానే. వరి నూగు దాన్ని గీసిందంటే పైపొర లేస్తుంది, మట్టిలోనూ తడి గడ్డిలోనూ ఉండే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు జాతులు ఆ గీత లోంచి లోపలికి దిగుతాయి. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో దాదాపు సగం ఈ ఫంగస్ వల్ల వచ్చేవే. బ్యాక్టీరియా వల్ల వచ్చే పుండు ఒకటి రెండు రోజుల్లోనే విపరీతమైన నొప్పితో బయటపడుతుంది కాబట్టి మనిషి ఎలాగూ పరిగెత్తుతాడు. ఫంగస్ అలా కాదు. మొదటి రోజు కంట్లో గరగర, రెండో రోజుకి తగ్గినట్టే ఉంటుంది, పనిలోకి వెళ్లిపోతాం, ఏ వారానికో మళ్లీ ఎరుపెక్కుతుంది, నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేం, అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. అప్పటికి అది లోతుకి పోయి ఉండొచ్చు. మానినా అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది, ఊళ్లో కంట్లో పువ్వు వేసింది అనేది దాన్నే, అది సరిగ్గా కంటిపాప ముందు పడితే ఆ కన్ను ఇక సరిగా కనిపించదు.

ముందు జాగ్రత్తగా చేయాల్సింది ఒక్కటే అయినా అదే ఎవరూ చేయరు: కళ్లకి అడ్డం పెట్టుకోవడం. హార్డ్‌వేర్ షాపుల్లో వెల్డింగు పనివాళ్ల సామాను దగ్గర తెల్లటి ప్లాస్టిక్ సేఫ్టీ గ్లాసులు దొరుకుతాయి, పక్కల నుంచి కూడా మూసుకుని ఉండేవి తీసుకోండి, వంద, నూటయాభైకే వస్తాయి. మామూలు చలువ కళ్లద్దాలకి పక్కలు తెరిచి ఉంటాయి, ఊక వచ్చేది పక్కల నుంచే. చెమటకి మసకబారుతున్నాయని, పని సాగట్లేదని తీసి జేబులో పెట్టేస్తారు, ఆ ఇబ్బంది నిజమే, పైన గాలి ఆడే సందులున్నవి తీసుకుంటే కొంత నయం. రోజంతా పెట్టుకోలేకపోతే పోనీ, అసలు ప్రమాదం ఉన్న పనుల దగ్గరైనా పెట్టుకోండి. మిషన్ వెనకాల రాలిన కంకులు ఏరేవాళ్లు, వడ్లు తూర్పారబట్టేవాళ్లు, కొనుగోలు కేంద్రంలో తాలు పట్టే మిషను దగ్గర నిలబడేవాళ్లు, బస్తాలు పట్టేవాళ్లు, గడ్డి కట్టలు కట్టే మిషను వెంట తిరిగేవాళ్లు, వాముల మీదకి గడ్డి ఎత్తేవాళ్లు, ముఖ్యంగా వీళ్లకి. తూర్పారబట్టేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ఇది మన పెద్దవాళ్లకి తెలిసిందే, కానీ ఫ్యాన్లు, మిషన్లు వచ్చాక తాలు ఎటు ఎగురుతుందో చూసుకోకుండా ఎదురుగా నిలబడిపోతున్నాం. పిల్లల్ని గడ్డివాముల మీద ఆడుకోనివ్వకండి, కనీసం నూర్పిడి నడుస్తున్నంతసేపైనా. కూలీలు ఎవరికి వాళ్లు కొనుక్కుంటారులే అని వదిలేస్తే ఎవరూ కొనరు. కోతలు మాట్లాడుకునేటప్పుడే భోజనం, బండి ఛార్జీ మాట్లాడుకున్నట్టు అద్దాలు ఎవరు తెస్తారో మాట్లాడుకోవాలి. మహిళా సంఘం మీటింగులో ఒకసారి అనుకుంటే ఇరవై జతలు కలిపి తెప్పించుకోవడం పెద్ద పనేం కాదు.

రాత్రిళ్లు బండి మీద వచ్చేవాళ్లకి ఇంకో సంగతి. కోతల రోజుల్లో పచ్చదోమ, సుడిదోమ లైట్ల చుట్టూ గుంపులుగా ఎగురుతాయి, ఎదురుగాలికి నేరుగా కంట్లో పడతాయి. హెల్మెట్ అద్దం దించుకోండి. పడితే బండి పక్కన ఆపండి, ఒక చేత్తో నలుపుకుంటూ నడపొద్దు.

కంట్లో ఏదైనా పడితే ఏం చేయాలి? నలపొద్దు, ఎంత దురదగా ఉన్నా నలపొద్దు, ఆ నలపడంతోనే నలక లోపలికి గీసుకుపోతుంది. చేతులు కడుక్కుని, తాగే నీళ్లు కంట్లో ధారగా పోస్తూ రెప్పలు ఆర్పండి. కాలువ నీళ్లు, పొలం గట్టు మీద డ్రమ్ములో నిలవున్న నీళ్లు వద్దు. అందుకని పొలానికి తీసుకెళ్లే తాగునీళ్లలో ఒక బాటిల్ విడిగా ఉంచుకోండి. కడిగాక నలక పోయి, గరగర పూర్తిగా తగ్గిపోతే సరే. కొంచెం గుచ్చుకుంటున్నట్టు ఉన్నా, నీళ్లు కారుతున్నా, ఎరుపున్నా ఆ రోజే చూపించుకోవాలి. నలక నల్లగుడ్డులో దిగి కూర్చుంటే చీర చెంగుతోనో అగ్గిపుల్లతోనో తీసే ప్రయత్నం చేయకండి. గుడ్డ గట్టిగా బిగించి కట్టకండి, కట్టు కింద వెచ్చగా, చెమ్మగా ఉంటే ఇన్‌ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. ఎండ పడకుండా నల్ల అద్దాలు పెట్టుకుని బయల్దేరండి, చాలు.

ఇక చేయకూడని వాటి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఊళ్లో ప్రేమ ఉన్నవాళ్లే ఇవి చేస్తారు, అమ్మమ్మలు, అత్తలు, పక్కింటివాళ్లు, బాధ చూడలేక. చనుబాలు పిండటం, ఆముదం వేయడం, ఆకు పసరు పోయడం, నాలుకతో నలక తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం. పైపొర చిరిగిన కంట్లో ఇవేవీ పడకూడదు, పసరుతో ఇంకాస్త బూజు, నాలుకతో నోట్లో ఉండే సూక్ష్మక్రిములు నేరుగా పుండులోకి వెళ్తాయి. ఎవరైనా పెద్దావిడ పసరు తెస్తే తిట్టకండి, పోట్లాడకండి, ‘అత్తా, డాక్టరు చూసేదాకా ఏమీ వేయొద్దన్నారు’ అని మర్యాదగా ఆపండి.

వీటికంటే నాకు ఎక్కువ భయం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందంటే. ఎర్రగా ఉంది, నొప్పిగా ఉంది అనగానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేస్తారు. అది వేస్తే సాయంత్రానికల్లా ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, తగ్గిపోయిందనుకుంటాం. నిజానికి అది చేసింది కంటికున్న రక్షణని అణచడం. లోపల ఫంగస్ అడ్డు లేకుండా పెరుగుతుంది. సీసా మీద పేరు చదివి చూడండి, డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ లాంటి పేరేదైనా ఉంటే, కంటి డాక్టరు పరీక్ష చేసి రాస్తే తప్ప దెబ్బ తగిలిన కంట్లో వేయకండి. ఇంట్లో నాన్నకో నాయనమ్మకో శుక్లం ఆపరేషన్ అయ్యాక మిగిలిన చుక్కలు ఉంటాయి కదా, అవీ మామూలుగా స్టెరాయిడ్ కలిసినవే. ఆ ఆపరేషన్ అయినవాళ్లకి అవి అవసరం, వాళ్లు డాక్టరు చెప్పినట్టు వాడుకోవాలి, పొలంలో దెబ్బ తగిలినవాళ్లకి మాత్రం అవి పనికిరావు. అవసరం తీరిన సీసాలు ఈ కోతల ముందే ఏరి పారేయండి. ఊరి ఆర్‌ఎంపీలు చాలామంది మంచి మనసున్నవాళ్లే, అర్ధరాత్రి పిలిచినా వస్తారు. వాళ్లని ఒక్కటే అడగండి, కంటి దెబ్బకి మందు ఇవ్వకుండా వెంటనే పంపించమని.

ఎంత త్వరగా వెళ్లాలి అంటే, నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగిన పని చెప్తాను. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలకి నేర్పించి, నల్లగుడ్డు మీద గీత పడినవాళ్లకి మూడు రోజులపాటు మామూలు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ పెట్టించారు, 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవాళ్లలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఒక రోజు దాటాక, రెండు రోజుల్లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. మందు అదే, ఊరు అదే, తేడా అంతా ఆలస్యంలోనే. ఇది చదివి ఆయింట్‌మెంట్ మీరే కొని పెట్టేసుకోకండి, అక్కడ కూడా చూసి, గీత ఉందని తేల్చాకే పెట్టారు.

కాబట్టి మీకు దగ్గరలో కంటి డాక్టరు ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుని ఉంచండి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల విజన్ సెంటర్లు రెండు రాష్ట్రాల్లో చాలా మండలాల్లో ఉన్నాయి, అక్కడ చూసి అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపిస్తారు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంటుంది. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి, విశాఖలో, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. కంటి వెలుగు శిబిరాలు (తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో మొదలయ్యాయి) చూసినవాళ్లు కొందరు మళ్లీ క్యాంపు పెడితే చూపించుకుందాం అంటుంటారు. కళ్లజోడుకైతే ఆగొచ్చు, పుండు ఆగదు.

డాక్టరు పచ్చరంగు మందు చుక్క వేసి చూస్తారు, పుండు పైనుంచి కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెడతారు. కన్ను గీకుతున్నారని భయపడకండి, మత్తుచుక్కలు వేశాకే చేస్తారు, ఫంగసో బ్యాక్టీరియానో తేలకుండా మందు మొదలుపెడితే కాలం వృథా. ఫంగస్ అయితే ఎక్కువగా ఇచ్చేది నాటామైసిన్ చుక్కలు. మధురై అరవింద్ ఆసుపత్రి వైద్యులు పాల్గొన్న పెద్ద అధ్యయనంలో కూడా, 2013లో, కొత్త మందు వోరికొనజోల్ కంటే ఇదే బాగా పనిచేసిందని తేలింది. సీసా అడుగున మందు పేరుకుంటుంది, వేసే ప్రతిసారీ బాగా ఊపాలి. మొదట్లో గంటగంటకీ వేయాలి, రాత్రి కూడా, తర్వాత వారాల తరబడి సాగుతుంది.

ఇక్కడే చుట్టుపక్కల మనుషులు కావాలి. కూలికి వెళ్లే మనిషికి కోతల రోజులంటే ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడే రోజులు. గంటగంటకీ చుక్కలు వేసుకుంటూ ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చోగలరు? వారం వాడి, నొప్పి తగ్గగానే మానేసి పనిలోకి దిగుతారు, పుండు మళ్లీ తిరగబెడుతుంది. పక్కింటివాళ్లు పగలు వంతులేసుకుని చుక్కలు వేయండి, పిల్లల ఫోన్లో అలారం పెట్టండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి, పొలం యజమాని దెబ్బ తన చేలో తగిలింది కాబట్టి దారి ఖర్చు, కొన్ని రోజుల కూలి ఇవ్వడం న్యాయం. మందులకి తగ్గకపోతే కార్నియా మార్చాల్సి రావొచ్చు, ఆ కార్నియా ఎవరో చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే వస్తుంది. మన ఇంట్లో అలాంటి రోజు వస్తే ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి, ఈలోపు కనురెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపేయాలి. షుగర్ ఉన్నా, కళ్లజోడు వాడినా, శుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు.

ఒక కన్ను పోయినవాళ్ల గురించి. రెండో కన్ను బాగా కనిపిస్తుంటే వైకల్యం 30 శాతమే లెక్కకొస్తుంది, పింఛనుకీ చాలా రాయితీలకీ కనీసం 40 శాతం కావాలి, అంటే సర్టిఫికెట్ చేతికొచ్చినా పింఛను రాదు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఈ మాట విని కుంగిపోయేవాళ్లని చూస్తే చాలా కష్టంగా ఉంటుంది, ముందే ఎవరైనా చెప్తే ఆ తిరుగుడైనా తప్పుతుంది. అయితే రెండో కన్ను కూడా మసకగా ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు తప్పకుండా పరీక్ష చేయించాలి. ఒక కన్ను పోయినవాళ్లు పొలంలోనే కాదు, ఎప్పుడూ గట్టి పాలికార్బనేట్ అద్దాలు పెట్టుకోవాలి, పవర్ అవసరం లేకపోయినా సరే, ఎందుకంటే ఇక మిగిలింది ఆ ఒక్క కన్నే. దూరం అంచనా మొదట్లో సరిగా తెలియదు, ట్రాక్టరు దగ్గర, మిషను దగ్గర పనులు కొన్నాళ్లు వేరేవాళ్లు చేయాలి, కన్ను పోయినవాళ్లకి కాపలా, లెక్క రాయడం లాంటి పని ఇవ్వండి, పని లేకుండా ఇంటికి పంపేయకండి. ఎదురొస్తే శకునం బాలేదనడం, ఒంటికన్ను అని పిలవడం ఇంకా వినబడుతూనే ఉంది, మీ ముందు ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

పూర్తిగా చూపు లేనివాళ్లు కూడా ఊళ్లో ఉంటారు, కోతల రోజుల్లో వాళ్ల దారి మనమే మూసేస్తాం. రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతాం, రోజూ చేతికర్రతో నడిచే దారి ఒక్క రాత్రిలో మారిపోతుంది. ఆరబోయడానికి వేరే చోటు లేకపోతే ఒక పక్కనే పోయండి, వాళ్ల ఇంటికెళ్లి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పోశారో చెప్పి, ఒకసారి ఆ దారిలో నడిపించండి. నడిపించేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచెయ్యి వాళ్లని పట్టుకోనిచ్చి మీరు అరడుగు ముందు నడవండి. రాళ్లు తీసేసే రోజు మళ్లీ వెళ్లి చెప్పండి.